ఒక పక్కా, రెండు పక్కలా

నెల్లిమర్ల రైల్వే గేటుకి ఇవతల
నా జిరాక్సు కొట్టు.
ఆయనొచ్చినప్పుడల్లా నేనడిగేది ఒకటే:
"ఒక పక్కా, రెండు పక్కలా?"
ఆయన చెప్పేదీ ఒకటే:
"సినిమా కాయితానికి వెనకాల ఏటీ ఉండదు నాయినా,
ఒక పక్కే తియ్యి."

మీసాల గున్నయ్య.
తెర మీద జి. మీసాల అని పడేది,
పడినప్పుడు.
పదకొండు సినిమాలకి పడింది.
పడనివెన్నని అడిగితే
మద్రాసులో తిన్న ఇడ్లీలు ఎవడు లెక్కెట్టాడనేవాడు.

ఆయన రాసే కాయితం నడుమ నిలువుగా ఓ గీత.
ఎడమ పక్క కంటికి, కుడి పక్క చెవికి.
"మాయమ్మ ముప్పై ఏళ్లు జూట్ మిల్లులో చేసింది.
ఆ హోరులో ఎవలి మాటా ఎవలికీ వినపడదు,
పెదాలు చూసి తెలుసుకోవాల.
అందుకే నాకు ఎడం పక్క ముందొచ్చింది"
అన్నాడోసారి, చిల్లర ఏరుకుంటూ.

ఆయన బతుకు నాకు వరసగా తెలీదు,
కాపీలుగా తెలుసు.
గడువు దాటిన రచయితల సంఘం కార్డు.
వడపళని గది అద్దె రసీదు, అరవంలో.
బ్యాంకు తిప్పి కొట్టిన చెక్కు,
నాలుగు మడతలూ అరచేత్తో సాపు చేసి ఇచ్చాడు.

ఇరవై ఏళ్లు మన యాస అమ్ముకున్నాననేవాడు.
హీరో ఇంట్లో వంటవాడికి,
కోళ్లు దొంగిలించేవాడికి,
దెయ్యమంటే పంచె తడుపుకునేవాడికి
వాళ్లమ్మ మాటలు రాసిచ్చాడు.
ఒక్కో "ఏటి బాబూ"కీ హాల్లో ఈలలు.
హీరోది మాత్రం
ఏ ఊళ్లోనూ పుట్టని తెలుగు.

తర్వాత నిర్మాతయ్యాడు.
చంపావతి ఒడ్డున ఎకరం ముప్పై సెంట్లు అమ్మి,
లాకౌటు తర్వాత బకాయిలందిన
పదిహేడు మంది దగ్గర ప్రోనోట్లు రాసి,
వాళ్లమ్మ కథ తీశాడు.
ఆమె నోట మొదటి మాట,
పళ్లెం ముందుకి జరుపుతూ:
"కూడు తినీసి ఎల్లు నాయినా,
కూతింకా అవనేదు."

విజయనగరంలో మొదటి ఆట.
ఆ మాటకి హాలంతా గొల్లుమంది.
తెర నిండా ఆమె ముఖం,
కళ్ల కింద జనపనార దుమ్ము,
అక్కడ నవ్వడానికేం లేదు.
బయటివాళ్లూ లేరు హాల్లో,
అందరూ ఇంటి దగ్గర కూడు తినొచ్చినవాళ్లే.
ఆ మాట వినగానే నవ్వాలని
మాకు నేర్పింది ఆయనే.

తొమ్మిది రోజులాడింది.

మళ్లీ మద్రాసు, ఆనక హైదరాబాదు.
మళ్లీ వంటవాళ్లు, కోళ్ల దొంగలు, పదమూడేళ్లు.
ఒక్కో అప్పు తీరగానే
ప్రోనోటు పట్టుకుని నా కొట్టుకొచ్చేవాడు.
దానికి మాత్రం "రెండు పక్కలా" అనేవాడు.
చెల్లు రాసేది వెనకే కదా.
పదహారు చెల్లులూ నా గాజు పలక మీద పడుకున్నాయి,
మూడు సంతకాలు, పదమూడు వేలిముద్రలు.

పదిహేడో మనిషి తాడ్డి సింహాచలం
కలకత్తా మిల్లుకన్నారు, సూరత్ అన్నారు,
జాడ లేదు.
ఆ నోటూ ఓ మధ్యాన్నం తెచ్చాడు.
"రెండు పక్కలా."
తిప్పి చూశాను, వెనక ఖాళీ.
"అయినా తియ్యి."
మెషీను ఓ తెల్లకాయితాన్ని వెచ్చగా బయటికి తోసింది.
కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు
దాన్నే చదివాడాయన.

చెప్పెయ్యాలనిపించింది.
నేల టిక్కెట్టు, ముందు వరస, నాకప్పుడు పద్నాలుగు.
హాల్లో అందరికన్నా ముందు
పకాలుమన్నది నేనే.
రెండు గంటల షిఫ్టుకి మిల్లు కూత మొదలైంది.
ఆ కూతలో ఎవరికీ వినపడదని
ఆ ముక్క గబగబా అనేశాను.

తల ఎత్తి చూస్తే
ఆయన నా పెదాల వైపే చూస్తున్నాడు.